అత్తమ్మతో ద్రాక్షతోటకు

ఫ్రాన్సు దేశంలో బోర్డో అని ఒక పట్నం ఉంది. గరోన్ నది ఒడ్డున ఉంటుంది. ఊరు దాటితే చాలు, ఎటు చూసినా ద్రాక్షతోటలే. మెడాక్ (మన మెదక్ కాదండోయ్!), సెయింట్ ఎమిలియన్ లాంటి పేర్లు అక్కడివే. ఆ తోటలు చూడటానికి, అక్కడి వైన్ రుచి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్తుంటారు. 2007లో ఆ పట్నాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేర్చారు.

"మనకెందుకమ్మా ఆ గొడవ, మనం వైన్ తాగుతామా ఏమన్నానా" అంటున్నారు కదూ? కాస్త ఆగండి. సరూర్‌నగర్‌లో ఉండే మా అత్తమ్మకి పాస్‌పోర్టు ఎలా ఉంటుందో తెలీదు. కానీ బోర్డో అన్న మాట మాత్రం యాభై ఏళ్ళుగా తెలుసు. అది ఒక ఊరి పేరని నేను చెప్పిన రోజున ఆవిడ నమ్మలేదు.

"గది మందు పేరు గద బిడ్డా! ఊరెట్లయితది?" అంది.

మీరెప్పుడైనా దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి చీరల కొట్ల వైపు నడిచారా? ఆ రద్దీలో నిలబడి ఇక్కడ ఒకప్పుడు పొలాలుండేవంటే ఎవరు నమ్ముతారు? దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే ఆయన తన భూమిని ప్లాట్లు వేసి అమ్మితే ఆయన పేరే ఆ చోటికి వచ్చింది. ఇంకాస్త ముందుకొస్తే మా సరూర్‌నగర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటిది, 1626లో కట్టించారు. ఆ చెరువుల పక్కన, బావుల కింద, కర్మన్‌ఘాట్ వైపు, హయత్‌నగర్ దారిలో, ఇటు ఉప్పల్ దాకా ద్రాక్షపందిళ్ళు ఉండేవి. పండేది ఎక్కువగా అనాబేషాహి. పొడుగు గింజ, లేత తేనెరంగు, ఒక్కో గుత్తి పసిబిడ్డంత బరువు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదుకు తెచ్చిన రకమని చెబుతారు. అనాబ్ అంటే ద్రాక్ష, షాహి అంటే రాజులది. రాజుల ద్రాక్షన్నమాట.

మా అత్తమ్మ వాళ్ళదీ అలాంటి తోటే, నాలుగెకరాలు. నేను కోడలిగా వచ్చేసరికి తోట లేదు. మా పెరట్లో బట్టలారేసే తీగ కట్టిన రెండు రాతి కడీలున్నాయి చూడండి, అవి ఆ పందిరివే. ఇన్నేళ్ళూ వాటి మీద దుప్పట్లు ఆరేస్తూ వచ్చాను గానీ అవెక్కడివని ఒక్కసారీ అడగలేదు.

బోర్డో సంగతి చెబుతానన్నాను కదూ. వానపడితే ద్రాక్ష ఆకు కింద బూజు పడుతుంది. దాన్ని ఆపడానికి చల్లేదే బోర్డో మిశ్రమం. మెడాక్‌లో రైతులు దారిపక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారట. ఎందుకో తెలుసా? దారిన పోయేవాళ్ళు పళ్ళు తెంపకుండా, చూస్తే విషంలా అనిపించాలని! అలా పూసిన తీగలకు మాత్రం బూజు పట్టకపోవడం మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించాడు. 1885లో ఆ మందు సంగతి లోకానికి చెప్పాడు. దొంగల్ని బెదిరించడానికి పూసింది మందయి కూర్చుంది!

మా అత్తమ్మ ఆ మందు కలిపే పద్ధతి చెబుతుంటే వంటల శీర్షికకు రాసి పంపొచ్చనిపించింది. కిలో మైలుతుత్తం ఒక కుండలో యాభై లీటర్ల నీళ్ళలో కరగాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కిలో సున్నం వేరే కుండలో యాభై లీటర్ల నీళ్ళలో కలపాలి. వడగట్టి, రెండూ ఒకేసారి మూడో దాంట్లోకి పోస్తూ కర్రతో తిప్పాలి. ఆకాశం రంగు వస్తుంది. తర్వాత కొడవలి మొన ముంచి చూడాలి. దాని మీద ఎర్రగా రాగి పేరుకుంటే సున్నం చాలలేదని లెక్క, ఇంకాస్త పోయాలి. లేకపోతే ఆకు మాడిపోతుంది. మామయ్య చల్లేవారు, ఈవిడ కలిపేది. "నా చేతులకు నీలం రంగు పోయేదే కాదు, పెండ్లిళ్ళకు పోతే కొంగు కింద దాచుకునేదాన్ని" అంది.

మరి తోట ఏమైందంటారా? 80లలో ఒక మార్చి నెల. కాయ పండి, ఇంకో పది రోజుల్లో కోతనగా సాయంత్రం పూట రాళ్ళవాన పడింది. అరగంట కూడా లేదట. పొద్దున చూస్తే పందిరి కింద అడుగు పెట్టే జాగా లేకుండా పళ్ళు. బర్రెలకు వేస్తే అవీ రెండు రోజులు తిని మూతి తిప్పుకున్నాయట. అప్పు మిగిలింది. ఆ ఏడే ప్లాట్లు చేసేవాళ్ళు వచ్చారు. మామయ్య సంతకం పెట్టి ఇంటికొచ్చి చెప్పారు. అత్తమ్మ దీన్ని నాకు చెప్పింది మొన్న మొన్న, ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత. "నన్నొక్క మాట అడగలే బిడ్డా" అంది. అప్పట్నుంచి ఆవిడ ద్రాక్షపండు నోట పెట్టలేదు. ఏ పండుగకు తెచ్చినా "పండ్లు జివ్వుమంటయ్" అనేది. మేం నిజంగానే పళ్ళనొప్పి అనుకున్నాం!

మా వీధికి దగ్గర్లో గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ ఉండేది, 1986లో వచ్చింది. అందులో మహారాష్ట్ర నుంచి లారీల్లో వచ్చే గింజలేని ద్రాక్ష కూడా అమ్మేవారు. ఆ మార్కెట్టూ ఇప్పుడు లేదు. 2021-22లో బాటసింగారానికి తరలించి, ఆ స్థలాన్ని టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు.

అయినా నగరం చుట్టూ తోటలు పూర్తిగా పోలేదు. కీసర, శామీర్‌పేట వైపు ఇంకా ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొందరు రైతులు మనల్ని లోపలికి రానిచ్చి, మనమే కోసుకుని తూకం వేయించుకోమంటారు. వెళ్ళేముందు ఫోన్ చేసుకోండి, కాయ అయిపోతే గేటు మూసేస్తారు. పొద్దున్నే బయల్దేరితే మంచిది. పందిరి కింద నీడే గానీ దారంతా ఎండ. మేం ఎల్.బి. నగర్, నాగోల్, ఉప్పల్ మీదుగా వెళ్ళాం, గంట పైనే పట్టింది. పిల్లలుంటే కీసరగుట్ట మీద రామలింగేశ్వరుణ్ణి చూసుకుని, అక్కడే పెరుగన్నం తినేసి రావచ్చు.

అత్తమ్మను ఒప్పించడానికి గుడి పేరే చెప్పాను. తోట దగ్గర కారు ఆగగానే నా వంక ఒక చూపు చూసింది. దిగదేమో అనుకున్నాను. దిగింది.

పందిరి కింద వంగి నడవక్కర్లేని మనిషి ఆవిడ, మనకే తల తగులుతుంది. ముందు గుత్తుల వంక చూడలేదు. ఒక ఆకు తిప్పి అడుగు భాగం చూసింది. మరో ఆకు. "మంచిగ చూస్కుంటున్నరు" అంది, ఎవరితోనో. అక్కడ నలుగురు ఆడవాళ్ళు కోత కోస్తున్నారు. వాళ్ళతో పావుగంటలో చుట్టరికం కలిపేసింది. చలికాలంలో గుత్తిలో ఇరుకు గింజలు కత్తెరతో తీసేసే పని వీళ్ళదే. రోజంతా తలెత్తి చేతులు పైకి పెట్టి నిలబడాలి. "మెడలు గుంజుతున్నయా? ఉప్పు కాపడం పెట్టుకోండ్రి" అని చెబుతుంటే, ఇంట్లో మా ఎవ్వరికీ ఆవిడ మెడనొప్పి సంగతి ఎందుకు తెలీదా అనుకున్నాను.

నేను రంగు చూసి ఒక గుత్తి కోయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"గట్ల కాదు. కొసకున్న గింజ తిని చూడాలె. పైది ముందు పండుతది, కొసది ఆఖరుకు పండుతది. కొసది తియ్యగుంటే అంత తియ్యగున్నట్టే."

చెబుతూనే కొస గింజ తెంపి నోట్లో వేసుకుంది. నేను, మా ఆయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ కాసేపు నమిలింది.

"గింజ లేదు. తీపి ఉన్నది గని వాసన లేదు. మనది గిట్లుండేది కాదు" అని పెదవి విరిచి, ఇంకోటి తెంపుకుంది.

ఐదు కిలోలు తెచ్చాం. ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచి రెండుసార్లు కడిగాను. మీరూ అలాగే చెయ్యండి, ఎంత బాగా చూసుకున్న తోటైనా మందు చల్లకుండా ఉండరు. గుత్తుల్లో పండని పుల్లటి గింజలు గుప్పెడు తేలాయి. పారేయబోతుంటే అత్తమ్మ గిన్నె లాక్కుంది. గ్లాసు కందిపప్పులో ఆ గింజలు, నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు వేసి ఉడికించి, ఎల్లిపాయ, ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకుతో పోపు పెట్టింది. చింతపండు అక్కర్లేదు. అప్పట్లో కూలివాళ్ళకు పెట్టే పప్పు ఇదేనట. మా ఆయన మూడోసారి వడ్డించుకుంటూ, "చిన్నప్పుడు తిన్నానమ్మా ఇది" అన్నాడు.

"తిన్నవు. నీకు యాదికుందా?" అందావిడ.