అరకులోయలో విహంగ ఋతువులు

శృంగవరపుకోట దాటిన రైలు కొండలపైకి ఎగబ్రాకుచు, ఒక సొరంగమునుండి వెలువడి మరియొక సొరంగమున దూరు నడుమ అనంతగిరి అడవులను రెప్పపాటు చూపి మరుగుపఱచుచుండగా, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులోయకు చేరుట యెంతయు హృద్యమైన ప్రయాణము. జనులు పుష్యమాసపు మంచుకొఱకు అచ్చటికి పోవుదురు. నేను పక్షులకొఱకు పోవుచుంటిని గనుక నాకొక ఋతువుతో తృప్తి కలుగలేదు.

శరత్తున వలిసెచేలు పసుపుపచ్చగా విరబూయునప్పటికే, హిమవత్పర్వతములను, వాని యావలి సీమలను విడిచి వచ్చిన ఖంజరీటములు గోస్తనీతీరపు రాళ్లపై తోకలూపుచు దర్శనమిచ్చినవి.

హేమంతమున కాఫీతోటలలో గాంచినది మాత్రము నాకన్నిటికంటె ప్రియమైన దృశ్యము. ప్రొద్దెక్కి మంచు విడిపోవుచుండగా, అంతవఱకు నిశ్శబ్దముగానున్న పనసచెట్టుపై ఒక్కసారిగా కలకలము పుట్టును. ఆకుల అడుగుభాగములను వెదకు చిన్ని పిట్టలు, బెరడుపై తలక్రిందులుగా దిగు పిట్టలు, ఎఱ్ఱని మగపక్షియు పసుపుపచ్చని ఆడపక్షియునైన జంటలు, వడ్రంగిపిట్టలు, జాతిభేదము మఱచి చెట్టునుండి చెట్టునకు సాగుచుండ, తోకనుండి రెండు సన్నని తీగలును వాని కొసలందు ఈకల కుచ్చులును వ్రేలాడు భృంగరాజము వాని వెంట కావలియై నడచును. ఆ సందడికి బెదరి లేచిన పురుగులు దానికి భుక్తి. డేగ కనబడినచో అది చేయు హెచ్చరిక తక్కినవానికి రక్ష. ఆస్ట్రేలియా దేశపు సిల్వర్ ఓక్ చెట్లను వరుసలుగా నాటిన తోటలలో కంటె, పనస, మఱ్ఱి మొదలగు దేశీయవృక్షములు మిగిలిన తోటలలోనే ఇట్టి గుంపులు నాకు నిండుగా కనబడెను.

కాలిబాటలు జాఱు వానలలో లోయకు పోవువారరుదు. కాని, నీలిఛాయలుగల నల్లని పక్షి యొకటి జలపాతముల చెంత, నీటి హోరును మించి, త్రోవన పోవు బాటసారి వేసిన యీలవలె పాడు కాలమదియే. నేను మనుష్యుని కొఱకు నలువైపుల చూచుచుండగా, దారిచూపుచున్న కొండదొర వృద్ధుడు “మనిషి కాదు బాబూ, పిట్ట” అని చెప్పెను.

పొదలలో నేలకు దగ్గఱగా మెలగు గోధుమరంగు చిన్న పిట్ట మఱియొకటి కలదు. దాని బంధువర్గము హిమాలయ పాదభూములలోను ఆగ్నేయాసియాలోను ఉండగా, ఇది తూర్పుకనుమలలో ఒంటరిగా మిగిలెను. 1985లో రిప్లీ, బీలర్ అను పక్షిశాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేకోపజాతిగా వర్ణించి, విశాఖపట్నపు ప్రకృతిశాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారి పేరు పెట్టిరి. పొదలు పోయినచో దానికి నిలువనీడ లేదు. వాగుగట్టు నఱకుచున్న యొక గిరిజన రైతుతో ఈ మాట యనగా, “పొదలుంటే పాములొస్తాయి బాబూ” అనెను. నేనా పిట్ట వృత్తాంతమంతయు చెప్పితిని. ఆయన చాలసేపు ఆలోచించి, వాగు పొడవునను బారెడు వెడల్పున పొదలను విడిచెదనని యొప్పుకొనెను. ఆ బారెడును నాలుగు బారలు చేయుమని నేను వేడుకొంటిని.