నర్సింహులపేటలో జర్మన్ గొంతు!

"నెట్జ్"... "లౌట్‌ష్టేర్కె"... "టోన్‌ఆప్‌నేమర్"...

ఏమిటీ మంత్రాలు అనుకుంటున్నారా? మంత్రాలు కావు పాఠకులారా! నర్సింహులపేటలో ఓ పెంకుటింటి అటక మీద, గోనెసంచి కింద ఏళ్ల తరబడి నిద్రపోయిన ఓ ఇనప పెట్టె ముఖాన రాసి ఉన్న మాటలు. అచ్చమైన జర్మన్ భాష! సినిమా తారల ఇళ్ల చుట్టూ తిరగవలసిన నేను ఈ పెట్టె కోసం అంత దూరం ఎందుకు వెళ్లానంటారా? దాని వెనక సినిమా ఉంది గనక!

వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీద వర్ధన్నపేట, రాయపర్తి దాటితే తొర్రూరు వస్తుంది. అక్కడ దిగి, ఓ టీ గొంతులో పోసుకుని, దంతాలపల్లి మీదుగా నర్సింహులపేట చేరాను. 2016 అక్టోబరు దాకా ఇది వరంగల్లు జిల్లా. ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లా అయింది. ఊళ్లో పెద్దవాళ్లకు మాత్రం మహబూబాబాద్ ఇప్పటికీ మానుకోటే! నా వెంట హన్మకొండ నుంచి ఓ రేడియో మెకానిక్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. వాల్వు రేడియోలు బాగుచేస్తూ పెరిగినవాడు. ఆయన సంచిలో మీటరు, సోల్డరింగ్ ఐరను, రెండు బల్బులు, ఓ కట్ట వైర్లు. నా సంచిలో నోటు పుస్తకం ఒక్కటే!

తాత చెప్పిన కథ

ఆ ఇంటి పెద్దాయనకు డెబ్బై అయిదు పైమాటే. ఆయన తండ్రి టూరింగ్ టాకీసులో పనిచేశాడట. డేరా మూతపడ్డ నాడు యజమాని దగ్గర జీతం బాకీకి డబ్బుల్లేవు. "డబ్బుల్లేవుగని ఇది తీస్కపో" అని ఈ పెట్టె చేతిలో పెట్టాడు.

"ఎన్టీఆర్ మాట, నాగేశ్వర్రావు పాట... అన్నీ గీ డబ్బలకెంచే వచ్చినయ్ సారూ! గిది సీన్మ మిషిని" అన్నాడు తాత. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు చూడాలి!

కానీ మనవడి లెక్క వేరు. సెల్‌ఫోన్లో తీసిన ఫోటో చూసి, హైదరాబాదు నుంచి ఎవరో ఉన్నదున్నట్టు పదిహేను వేలకు అడిగారట. "సినిమాది అని రుజువైతే ఇంకా ఎక్కువ పలుకుతది గద అన్నా?" అని అతని ప్రశ్న. మమ్మల్ని పిలిపించింది కూడా అందుకే. అదేమిటో తేల్చాలి, వీలైతే పలికించాలి.

మన సినిమాకు జర్మన్ బంధువులు

సినిమా డేరాకు జర్మన్ పెట్టె ఎక్కడిదని ముక్కున వేలేసుకోకండి. మనదేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' 1931లో వచ్చింది. హెచ్.ఎం.రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' 1932లో తెలుగు మాటను తెరకెక్కించింది. అంతకు ముందే, 1928లోనే, సీమెన్స్, ఏఈజీ కంపెనీల అండతో బెర్లిన్‌లో 'క్లాంగ్‌ఫిల్మ్' అనే సంస్థ పుట్టింది. దాని పని సినిమాకు శబ్దం అమర్చే యంత్రాలు తయారు చేయడమే. ఇక 1934లో హిమాంశు రాయ్, దేవికారాణి బాంబే టాకీస్ పెట్టినప్పుడు దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ జర్మనీ వాళ్లే. అశోక్ కుమార్‌కు పేరు తెచ్చిన 'అఛూత్ కన్య' (1936) తీసింది ఆ ఆస్టెన్ దొరే! కాబట్టి తాత మాట కొట్టిపారేయడానికి వీల్లేదు.

పేరు లేని పెట్టె

పెట్టె కిందికి దింపేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. బూడిదరంగు ఇనుము. ముందు మూడు గుండీలు. వెనక పేరు రేకు ఉండవలసిన చోట రెండు మర చిల్లులు మాత్రం మిగిలాయి. రేకు ఏ కాలాన ఊడిపోయిందో!

నేను ఉత్సాహం పట్టలేక ప్లగ్గు పట్టుకుని గోడవైపు నడిచాను. మెకానిక్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సార్! ఇన్నేండ్లు పండుకున్నదాన్ని తట్టి లేపాలె, తన్ని లేపొద్దు. పైగా స్పీకరు లేకుండ వాల్వు ఆంప్లిఫయర్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అది పోతే మళ్ల దొరకదు."

నాకు తల కొట్టేసినట్టయింది. బుద్ధిగా నోటు పుస్తకం తీశాను.

ముందు భాష సంగతి. 'నెట్జ్' అంటే కరెంటు. 'జిషెరుంగ్' అంటే ఫ్యూజు. 'లౌట్‌ష్టేర్కె' వాల్యూము. 'హోహెన్' సన్న స్వరాలు, 'టీఫెన్' లావు స్వరాలు. 'టోన్‌ఆప్‌నేమర్' అంటే గ్రామఫోను పికప్పు. ట్రాన్స్‌ఫార్మరు మీద 'వెస్టర్న్ జర్మనీ' అని ముద్ర. అంటే ఇది 1949లో జర్మనీ రెండు దేశాలయిన తర్వాతది, 1990లో మళ్లీ ఒకటి కాకముందుది.

తర్వాత వాల్వులు. యూరప్ వాల్వు పేరులోనే దాని జాతకం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది! పెద్దవి రెండింటి మీద 'ఇ.ఎల్.34' అని ఉంది. 'ఇ' అంటే లోపలి ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలి. 'ఎల్' అంటే స్పీకరును తోలే బలమైన పవర్ వాల్వు. మూడు పదుల అంకె అంటే ఎనిమిది కాళ్ల ఆక్టల్ బేసు. చిన్నవి 'ఇ.సి.సి.83'. 'సి' రెండుసార్లుంది గనక ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడులు. ఎనిమిది పదుల అంకె తొమ్మిది సన్నకాళ్ల గుర్తు. ఇంకోటి 'జి.జెడ్.34'. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు. దానికి ఫిలమెంటు 5 వోల్టులు. రెండు ఇ.ఎల్.34లు జోడుగా పనిచేస్తే ముప్ఫై అయిదు వాట్ల దాకా ఇవ్వగలవు. ఓ జాతర మైదానానికి చాలు!

మెకానిక్ ఓ చిన్న వాల్వును తిరగేసి అడుగు చూపించాడు. కాళ్ల మధ్య గాజులో చిన్న డైమండు గుర్తు. "టెలిఫుంకెన్!" అన్నాడు. 1903లో పుట్టిన బెర్లిన్ కంపెనీ. మనవడి ముఖం వెలిగిపోయింది. "అయితే పెట్టె గూడ టెలిఫుంకెనే అని రాసియ్యి కాకా!"

"వాల్వు మార్చుడు బల్బు మార్చినంత అల్కటి పని. ఇంట్ల ఫిలిప్స్ బల్బు వెలిగితే ఇల్లు ఫిలిప్స్‌దైతదా? రేకు లేంది నేను పేరు రాయ" అన్నాడాయన.

అడుగు రేకు విప్పితే పెద్ద కండెన్సరు డబ్బా మీద అంకెలు కనిపించాయి. 11.57. అంటే 1957 నవంబరు. అది మొదటినుంచీ ఉన్న భాగమేనని దాని పాత టంకం చెబుతోంది. కాబట్టి పెట్టె ఆ తర్వాతే తయారైంది.

చెప్పాలా, వద్దా?

అసలు చిక్కు వెనకవైపు ఎదురైంది. స్పీకరు కొక్కేల దగ్గర '100 వోల్ట్' అని ఉంది. మెకానిక్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకుపోయాడు.

"సార్, ఇది సినిమా మిషిను కాదు. మైకు సెట్టు."

జర్మనీలో రైలు స్టేషన్లకు, ఫ్యాక్టరీలకు, సభలకు ఇలాంటివి వాడేవారు. దూరంగా ఉన్న ఎన్నో స్పీకర్లకు సన్నతీగల మీద శబ్దం పంపడానికే ఆ 100 వోల్టుల లైను. సినిమా ప్రొజెక్టరులో ఓ దీపం వెలుగు రీలు అంచున ఉన్న శబ్దపు చారగుండా పోయి ఫోటోసెల్ మీద పడుతుంది. ఆ ఫోటోసెల్‌కు విడిగా వోల్టేజీ అందించాలి. ఈ పెట్టెకు ఆ సదుపాయం లేదు. ఉన్నవి మైకు, గ్రామఫోను దారులే.

ఇప్పుడేం చేయాలి? జీవితమంతా 'సీన్మ మిషిని' అని ఊరంతా చెప్పుకున్న మనిషికి కాదని ఎలా చెప్పడం? చెప్పకపోతే రేపు కొనేవాడికి మనవడు అదే మాట చెప్పి అమ్ముతాడు. రెండూ బాగోలేదు. చివరికి చెప్పేద్దామనే తేల్చుకున్నాం. అయితే ముందు ఓ ప్రశ్న వేశాను.

"తాతా, బొమ్మ పడుతున్నప్పుడు ఈ గుండీ ఎవరు తిప్పేవారు?"

"బొమ్మ పడుతుంటె దీంతోని పనేముంది? బొమ్మ షురూ కాంగనే మా నాయిన దీన్ని బంద్ జేసేటోడు. మిషిని పక్కన ఇంకో డబ్బ ఉండె..."

అంటూనే ఆగిపోయాడు. సమాధానం తన నోటినుంచే వచ్చేసింది! మెకానిక్ నెమ్మదిగా అంతా విడమరిచి చెప్పాడు. తాత చాలాసేపు పెట్టెవైపే చూశాడు. మేం నేల చూపులు చూశాం.

తట్టి లేపడం

"సరె తమ్మీ. ఏదైతేంది, అది పలుకుతదా?" అన్నాడు తాత ఎట్టకేలకు.

పని మొదలైంది. మొదట నన్ను దూరం జరగమన్నాడు. వాల్వు పెట్టెల్లో నాలుగొందల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో ఆ కరెంటు నిలవ ఉండవచ్చు. పాఠకులారా, మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే తెలియకుండా వేలు పెట్టకండి! ఆయన ఓ రెసిస్టెన్సుతో దాన్ని ఖాళీ చేసి, మీటరు సున్నా చూపిస్తేనే చెయ్యి పెట్టాడు.

ఎండిపోయిన ఫిల్టరు కండెన్సర్లకు బదులు 500 వోల్టుల కొత్తవి వేశాడు. వోల్టేజీ ఎంచుకునే బిళ్ల 220 మీద ఉంటే 240కి మార్చాడు. ఇప్పుడు మన ఇళ్లకొచ్చేది 230. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. కరెంటు దారిలో వంద వాట్ల బల్బు ఒకటి సీరీసుగా కట్టాడు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉంటుంది. బాగుంటే ఓసారి వెలిగి మందగిస్తుంది.

పెద్ద వాల్వులు రెండూ తీసి స్విచ్చి వేశాడు. బల్బు వెలిగింది... నలుగురం ఊపిరి బిగబట్టాం... మందగించింది! కానీ పవర్ వాల్వు సాకెట్టు అయిదో కాలి దగ్గర మీటరు పెడితే పద్దెనిమిది వోల్టులు, ప్లస్సు! అక్కడ ప్లస్సు ఉండకూడదు. ముందు వాల్వు నుంచి పాటను మాత్రమే పంపి డీసీని ఆపవలసిన కాగితపు కండెన్సరు లీకవుతోంది. అలాగే వాల్వు పెట్టి నడిపితే లోపలి రేకు ఎర్రగా కాలి వాల్వు చచ్చిపోతుంది. ఆ కండెన్సర్లు రెండూ మార్చాడు. వాల్యూము గుండీ కరకరలాడితే మందు కొట్టి పాతికసార్లు తిప్పాడు. వాల్వులన్నీ పాతవే ఉంచాడు. ఒకవేళ పోయినా భయం లేదట. ఇ.ఎల్.34లు ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతున్నాయి.

సాయంత్రమైంది. మనవడు ఊళ్లో మైకు సెట్టు వాళ్ల దగ్గర 100 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మరు ఉన్న బాకా ఒకటి అడిగి తెచ్చాడు. గ్రామఫోను ఎక్కడిది? సెల్‌ఫోనుకే వైరు కట్టి 'టోన్‌ఆప్‌నేమర్' దారిలో పెట్టాం. ఏ పాట పెట్టాలని అడిగితే, "ఘంటసాలది, దేవుని పాట" అన్నాడు తాత.

స్విచ్చి వేశాక అరనిమిషం దాకా ఏమీ లేదు. వాల్వుల్లో నారింజరంగు వెలుగు మెల్లగా ముదిరింది. బాకాలో చిన్న గుర్రు. ఆపైన... ఘంటసాల! 1974లో మనల్ని విడిచి వెళ్లిన ఆ గొంతు, పశ్చిమ జర్మనీ ఇనుములోంచి నర్సింహులపేట వాకిట్లోకి!

పక్కిళ్ల పిల్లలు పరిగెత్తుకొచ్చారు. గేదెను తోలుకెళ్తున్న ఓ అవ్వ ఆగి, "ఏందే, డేర వడ్డదా మళ్ల?" అంది.

ఆ మాటతో తాత ముఖం విచ్చుకుంది. "ఇనవడ్డదా సారూ? డేర మీద బాక కట్టి గీ పాట వెట్టంగనే నాలుగూళ్లు కదిలేవి. టికిట్లిస్తున్నరని గుర్తు. నేనే పలకలు మార్చేటోణ్ని. బొమ్మ మాట్లాడింది దీంట్లకెంచి కాకపోతేమాయె, ఊర్లను పిలిచింది ఇదేగద!"

కాగితం మీద నిజం

బయల్దేరేముందు మెకానిక్ ఓ కాగితం మీద రాసిచ్చాడు. పశ్చిమ జర్మనీ మైకు ఆంప్లిఫయర్. 1957 నవంబరు తర్వాతది. మార్చిన భాగాలు ఇవి, మార్చనివి ఇవి. కంపెనీ పేరు చోట గీత గీశాడు. మనవడు ఆ గీతను రెండుసార్లు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మితే ఈ కాగితం తోనే అమ్ముత కాకా" అన్నాడు. అమ్మేదీ లేనిదీ వాళ్లిష్టం.

తొర్రూరు బస్సెక్కే సరికి చీకటి పడింది. ఇకమీదట ఏ థియేటర్లోనైనా దీపాలారి బొమ్మ పడినప్పుడు, అంతకు ముందే పాడి ఊరుకున్న పెట్టె ఒకటి నాకు గుర్తొస్తుంది. మీ ఊళ్లో డేరా ఉండేదా? ఉంటే మీ అటక ఓసారి చూడండి. కానీ ప్లగ్గు మాత్రం పెట్టకండి సుమా!