అభివృద్ధ్యర్థం

నిత్యపూజకు ముందు చేసే సంకల్పంలో అర్చకుని నోట తప్పక వచ్చే పదం అభివృద్ధి. క్షేమం, స్థైర్యం, ధైర్యం, విజయం, అభయం, ఆయువు, ఆరోగ్యం, ఐశ్వర్యం అని వరుసగా పేర్కొన్న పిదప, వీటి ‘అభివృద్ధ్యర్థం’ ఈ కర్మను ఆచరిస్తున్నానని యజమాని చేత పలికిస్తాము. నేను అర్చకత్వం నెరపే మాణికేశ్వర్ నగర్‌లో ఆలయ ద్వారం దాటి నాలుగడుగులు వేస్తే ఇదే పదం శిలాఫలకాల మీద, ఎన్నికల కరపత్రాల మీద, బహుళ అంతస్తుల భవనాల ప్రకటనల మీద కనిపిస్తుంది. శబ్దం ఒక్కటే. అర్థం కూడ ఒక్కటేనా అన్నది విచారణీయం.

‘వృధ్’ ధాతువు నుండి ‘వృద్ధి’ పుట్టింది. ‘అభి’ ఉపసర్గ దానికి ఆభిముఖ్యాన్ని కూర్చింది. ఈ వృద్ధి శబ్దానికి మన వ్యవహారంలో ఎన్ని ముఖాలో చూడండి. పాణిని తన అష్టాధ్యాయిని ఈ పదంతోనే ఆరంభించాడు. అది మంగళార్థమని భాష్యకారుడైన పతంజలి వివరించాడు. ఇంట బిడ్డ పుడితే పాటించే ఆశౌచాన్ని మన ప్రాంతంలో ‘వృద్ధి’ అంటారు. అప్పు మీద పెరిగే ‘వడ్డీ’ కూడ ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ వృద్ధియే. ముదిమి చెందినవాడు ‘వృద్ధుడు’. వివాహాది శుభకర్మలకు ముందు పితృదేవతలను అర్చించే నాందీశ్రాద్ధానికి ‘వృద్ధిశ్రాద్ధం’ అని నామాంతరం. అంటే ఒక్క పదంలోనే పుట్టుక ఉంది, ముదిమి ఉంది, ఋణం ఉంది. పెరిగే వేళ పూర్వులను స్మరించవలసిన బాధ్యత కూడ ఉంది.

యాస్కుడు నిరుక్తంలో వార్ష్యాయణి మతంగా ఆరు భావవికారాలను చెప్పాడు: జన్మ, అస్తిత్వం, విపరిణామం, వృద్ధి, అపక్షయం, వినాశం. వృద్ధి నాల్గవది. దాని తరువాత ఇంకా రెండు మెట్లున్నాయి. అంతులేని వృద్ధి అనే భావన మన ఋషులకు తెలియదు. ఏ వస్తువూ వృద్ధి వద్ద నిలిచిపోదని వారు గ్రహించారు.

ఇక ‘డెవలప్‌మెంట్’ అనే ఆంగ్లపదం వేరొక దారిన వచ్చింది. చుట్టినదానిని విప్పడం, కప్పినదానిని తెరవడం దాని మూలార్థం. ఉత్తరాన్ని ఉంచే ‘ఎన్వలప్’ దానికి బంధువు: ఒకటి కప్పుతుంది, మరొకటి విప్పుతుంది. ఈ మూలార్థం ఎంత యథార్థమో నాకు వేదాంతగ్రంథం కంటె ముందు ఒక స్నానాలగది బోధించింది.

నేను పాఠశాలలో వేదాధ్యయనం చేస్తున్న రోజుల్లో, సెలవులకు ఇంటికి వస్తే, తార్నాకలో మాకు పొరుగున ఒక ఛాయాచిత్రకారుడు ఉండేవారు. ఆయన ఇంటి స్నానాలగదియే రాత్రివేళ డార్క్‌రూమ్‌గా మారేది. ఎర్రని దీపపు కాంతిలో, తెల్లని కాగితాన్ని ద్రావణంలో వేసి పళ్ళెాన్ని మెల్లగా ఊపుతుంటే, కొన్ని క్షణాల వరకు ఏమీ కనిపించేది కాదు. పిమ్మట ఒక కనుబొమ్మ, ఒక చీర అంచు, ఒక ద్వారబంధం క్రమక్రమంగా పైకి తేలేవి. ద్రావణం బొమ్మను గీసిందని నేను మొదట అనుకున్నాను. ఆయన నవ్వి, ‘బొమ్మను వెలుతురు ఎప్పుడో గీసింది, ఈ మందు దానిని చూపిస్తుంది, అంతే’ అన్నారు.

రసాయనశాస్త్రం కూడ చెప్పేది ఇదే. ఫిల్మ్ మీది వెండి లవణపు రేణువుల మీద కాంతి పడినప్పుడు, కంటికి కనిపించని సూక్ష్మమైన మార్పు జరుగుతుంది. డెవలపర్ ద్రావణం ఆ మార్పు పొందిన రేణువులనే నల్లని వెండిగా మారుస్తుంది. కాంతి సోకనివాటిని దాదాపు ముట్టదు. సాంఖ్యులు చెప్పే సత్కార్యవాదానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం నాకు దొరకలేదు. కార్యం కారణంలో అవ్యక్తంగా ఉన్నదే. నువ్వులలో నూనె ఉన్నది గనుక గానుగ దానిని తీయగలుగుతుంది, ఇసుక నుండి తీయలేదు. వ్యక్తం కావడమే పుట్టుక.

ఈ విద్య మన నగరానికి క్రొత్తది కాదు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలంలో గాజుపలకల మీద జరిగినదీ ఇదే. అయితే దీనికి నియమాలున్నాయి. ద్రావణానికి ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు ఉండాలి. మన వేసవిలో కుళాయినీరు అంతకంటె చాల వేడి. అందుచేత ఆ పొరుగువారు పళ్ళెం చుట్టూ మంచుగడ్డలు పేర్చేవారు. సమయం మించితే తెలుపు, నలుపుల మధ్యనున్న సున్నితమైన ఛాయలు నశిస్తాయి. అన్నిటినీ మించినది, డెవలపర్ తరువాత ‘హైపో’లో ముంచాలి. అది కాంతి సోకని లవణాన్ని కరిగించి తీసివేస్తుంది. ఆ పని చేయకుండ బయటికి తెస్తే, బొమ్మను చూపించిన వెలుతురే దానిని నల్లబరచి చెరిపివేస్తుంది. చివర చాలసేపు నీటితో కడగాలి. ఛాయాచిత్రకళలో ఈ హైపో చేసే పనికి పేరు స్థిరీకరణం. సంకల్పంలో స్థైర్యం ఐశ్వర్యానికి ముందే ఎందుకు వస్తుందో నాకు ఆ గదిలోనే తెలిసింది.

ఈ దృష్టితో లోకంలోని మరొక అభివృద్ధిని, అనగా సహాయాన్ని, పరిశీలిద్దాం. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రారంభోపన్యాసంలో వెనుకబడిన దేశాల అభివృద్ధిని ప్రస్తావించిన తరువాత, లోకం అభివృద్ధి చెందినవారిగా, చెందనివారిగా విభక్తమైంది. 1954 నాటి పీఎల్-480 చట్టం క్రింద అమెరికా గోధుమలు మన దేశానికి వచ్చాయి. వాటి వెలను మనం రూపాయలలో చెల్లించాము. అట్లు పోగైన నిధులలో కొంత విద్యాకార్యాలకు వినియోగమైంది. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో నెలకొన్న అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గ్రంథాలయం అట్టిదే. ఆకలి తీర్చడానికి వచ్చిన గోధుమ ఈ విధంగా పుస్తకాలుగా రూపాంతరం చెందింది. అది మంచిదే. కాని ఆ ప్రాంగణపు గోడకు ఇవతల ఉన్న బస్తీలో ఆ పుస్తకాలను తెరిచినవారు ఎందరుంటారు?

పతంజలి యోగసూత్రాలలోని కైవల్యపాదంలో ఒక రైతు ఉపమానం ఉంది. రైతు నీటిని చేతులతో ఒక మడి నుండి మరొక మడిలోకి నెట్టడు. అడ్డుగా ఉన్న గట్టును తెంచుతాడు. నీరు తనంత తానే పల్లానికి ప్రవహిస్తుంది. నిమిత్తకారణం ప్రకృతిని నడిపించదు, ఆవరణాన్ని మాత్రం తొలగిస్తుందని దాని తాత్పర్యం. సహాయమంటే ఇదే కావాలి. నీటిని మోసుకొచ్చి పోసేవానికి తాను పోశానన్న అభిమానం మిగులుతుంది. పొలానికి రేపటి నీటి మీద బెంగ మిగులుతుంది. గట్టు తెంచినవానిని పొలం మరచిపోయినా నష్టం లేదు. తైత్తిరీయ శీక్షావల్లి దాతకు శ్రద్ధతోపాటు సిగ్గును, భయాన్ని కూడ విధించినది అందుకేనని నా నమ్మకం.

మన నగరంలో ఇందుకు దృష్టాంతం ఉంది. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సముదాయాభివృద్ధి కార్యక్రమాన్ని ఆరంభించింది. 1980ల దశకంలో బ్రిటన్ ప్రభుత్వ నిధులు మురికివాడల మెరుగుదల పథకం రూపంలో దానికి తోడైనాయి. ఆ కార్యక్రమం తొలినాటి నుండి నివాసుల స్వయంకృషిని ఆధారం చేసుకున్నది. నీటి కుళాయి, మురుగుకాలువ, బాట, నివేశనం మీద హక్కు, ఇవన్నీ తెంచిన గట్లు. ఇల్లు కట్టుకొనే సామర్థ్యం ఆ జనంలో మునుపే ఉన్నది.

ఇచ్చట ఒక ఆక్షేపాన్ని నేను దాటవేయలేను. ఉన్నదే వ్యక్తమవుతుందంటే, లేనివానికి ఏమి వ్యక్తమవుతుందని అడగవచ్చు. ఎవరి బీజంలో ఏమున్నదో పుట్టుకను బట్టి నిర్ణయించి, ఈ సిద్ధాంతాన్నే గొళ్ళెంగా వాడినవారు మన సంప్రదాయంలో ఉన్నారు. మాణికేశ్వర్ నగర్‌ను నేటికీ జనం వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. రాళ్ళు కొట్టి, మట్టి తవ్వి ఈ నగరాన్ని నిలబెట్టిన కులం పేరది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనపు శిలలను చూపి, ‘అవి మా తాతల చేతివి’ అని చెప్పే వృద్ధులను నేను ఎరుగుదును. వారి పిల్లలలో విద్య లేదని చెప్పడానికి శాస్త్రం ఎవరికి అధికారమిచ్చింది? ఫిల్మ్ మీద ఏ చిత్రమున్నదో డబ్బా మీది చీటీ చెప్పదు. ఛాందోగ్యంలో సత్యకాముడు తన గోత్రం తెలియదని ఉన్నదున్నట్లు చెప్పినప్పుడు, గౌతముడు ఆ సత్యవాక్కునే అర్హతగా గైకొని ఉపనయనం చేశాడు. ఆత్మ అందరియందు పూర్ణమే, ఆవరణాలలోనే భేదం.

ఆ ఆవరణాలలో మొదటిది ఆకలి. తైత్తిరీయ భృగువల్లిలో భృగువు మొట్టమొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకొంటాడు. తండ్రియైన వరుణుడు ఆ మెట్టును నిందించడు. ఇంకా తపస్సు చేయమంటాడు. అన్నమయకోశం నిండకుండ ప్రాణ, మనో, విజ్ఞానకోశాల ప్రసంగం పొసగదు. మా బస్తీకి సమీపాన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇచ్చటికి తరలిన ఆ సంస్థ పరిశోధనల ఆధారంగానే, పసిపిల్లల అంధత్వ నివారణకై ఆరు నెలలకొకసారి ‘ఎ’ విటమిన్ మోతాదు ఇచ్చే కార్యక్రమం 1970లో దేశంలో ఆరంభమైంది. చూపు ఆ బిడ్డ కంటిలోనే ఉన్నది. ఒక చెంచా మందు దానికి అడ్డుపడబోయే చీకటిని తొలగించింది. దీనికంటె గొప్ప అభివృద్ధిని నేను ఊహించలేను.

కొన్నేళ్ళ క్రితం ఈ విచారణ మా ఆలయం వద్దకే వచ్చింది. దూరప్రాంతపు భక్తుడొకరు, నాలుగు స్తంభాల పాత మండపాన్ని తొలగించి, నున్నని పలకలు పరచిన కాంక్రీటు మందిరం కట్టిస్తానని ముందుకు వచ్చారు. ద్వారం వద్ద తమ పేరిట ఫలకం ఉండాలన్నారు. సభ్యులలో అధికులు సంతోషించారు. చివర కూర్చున్న ఒక వృద్ధుడు, రాయి కొట్టి బ్రతికినవాడు, లేచి స్తంభాన్ని గోటితో గీకి చూశాడు. ‘రాయి ఖరాబు కాలె అయ్యగారూ. పైన రంగు పేరుకున్నది. గీకితె పోతది’ అన్నాడు.

వాదం చాలరోజులు నడిచింది. దాత విరమించుకొన్నారు. బస్తీ యువకులు సాయంకాలాలలో కూర్చొని, పొరలు పొరలుగా ఉన్న నూనెరంగును గీకివేశారు. అడుగున ఉలిదెబ్బల వరుసలు, ఒక స్తంభం పాదాన అర్ధవికసిత పద్మం బయటపడినాయి. అది అచ్చట ఉన్నదని ఆ వృద్ధునికి కూడ తెలియదు. పోగైన కొద్ది ధనంతో వాననీరు నిలువకుండ కాలువ వేయించి, మండపంలో రెండు దీపాలు పెట్టించాము. ఇండ్లలో చోటు చాలని పిల్లలు రాత్రి తొమ్మిది వరకు అచ్చట చదువుకొంటారు. వారిలో ఆ వృద్ధుని మనుమడొకడు. అతడు ఉలి పట్టలేదు. పట్టాలని తాత కోరనూ లేదు. పూర్వులను స్మరించడమంటే వారి భుజాల బరువును మనుమల మీద పెట్టడం కాదు గదా.

అందరూ తృప్తి చెందారని చెప్పను. ప్రక్క బస్తీ ఆలయానికి రాజగోపురం లేచింది. ‘మన గుడి ఎప్పుడు అభివృద్ధి అయితది అయ్యగారూ?’ అని నేటికీ కొందరు అడుగుతారు. గోపురం వద్దని నేను అనను. శక్తి కలిగిననాడు కట్టుకొందాం. అయితే ముందుగా, వానకాలంలో మండపం వెనుక ఇండ్లలోకి చేరే మురుగునీటి దారి మళ్ళించవలసి ఉన్నది. అందుకు చందా పుస్తకం తెరిచి ఉంచాము. దానిలో ఫలకానికి చోటు లేదు.

స్వస్తి.