విచారించక ముందే తీర్పు వద్దు

లోపం కనబడే చోటు వేరు, దాని మూలం ఉండే చోటు వేరు. మనుషుల వ్యవహారాలలో ఈ సంగతిని మనం తరచు మరచిపోతాము. వయసు మీరిన వాహనాలలో కరెంటు లోపాలను వెదికేవారు మాత్రం దీనిని మరచిపోతే ఒక్క రోజు కూడా పని చేయలేరు. గత వర్షాకాలంలో బందరులోని మా మదరసా వ్యాను ఈ సత్యాన్ని కళ్ళకు కట్టినట్లు చూపింది.

ఆ వ్యాను వయసు 19 ఏళ్ళు. దూరపు పేటల నుండి పిల్లలను తీసుకువచ్చి, మగ్రిబ్‌కు ముందే తిరిగి ఇళ్ళకు చేర్చడం దాని పని. ఉన్నట్టుండి దానిలో ఒక వింత మొదలైంది. బ్రేకు తొక్కితే వెనుక ఎడమవైపు ఎర్రదీపం సరిగా వెలగదు. దానికి మారుగా డ్రైవరు ఎదుట డ్యాష్‌బోర్డు మీద ఎడమ ఇండికేటరు బాణం గుర్తు మసకగా వెలుగుతుంది. ఇండికేటరు వేస్తే వెనుక పార్కింగు దీపం కూడా దానితో పాటు మినుకుమంటుంది. ఒక సాయంత్రం వ్యాను ఆగుతున్నదో, మలుపు తిరుగుతున్నదో తెలియక వెనుక వస్తున్న మోటారు సైకిలు దాదాపు ఢీకొన్నంత పని చేసింది. అప్పుడు లోపల పిల్లలు ఉన్నారు.

వ్యాను నడిపే యువకుడు అంతకు కొద్ది రోజుల ముందే కొత్త హారను బిగించాడు. కమిటీ పెద్దలలో ఒకరు నలుగురి ఎదుట తేల్చి చెప్పారు: “హారను పెట్టేటప్పుడు వైర్లు కోసి ఉంటాడు. మరమ్మతు ఖర్చు జీతంలో పట్టుకుని పంపించివేద్దాం.” ఆ యువకుడు తల దించుకుని, “హజ్రత్, నేను ముందు వైపు వైరే ముట్టుకున్నాను. వెనుక చెయ్యి పెట్టలేదు,” అన్నాడు. అతని తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు ఆ జీతం మీదనే ఆధారపడి ఉన్నారు.

దివ్య ఖుర్ఆన్‌లోని సూరహ్ అల్ హుజురాత్ 6వ ఆయతు మనకు అందిన వార్తను విచారించుకోమని ఆదేశిస్తున్నది. 12వ ఆయతు అనుమానాల నుండి దూరంగా ఉండమని హెచ్చరిస్తున్నది. నిందారోపణ చేసినవారే సాక్ష్యం చూపాలన్నది మన ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన నియమం. హారను తర్వాత లోపం వచ్చింది కనుక హారను వల్లనే వచ్చిందనడం సాక్ష్యం కాదు, ఊహ మాత్రమే. అందుచేత నేను రెండు రోజుల గడువు కోరాను. పిల్లల ప్రాణాల విషయం గనుక అంతవరకు వ్యానును రోడ్డెక్కించకుండా, వారిని ఆటోలలో పంపే ఏర్పాటు చేశాము.

మేము వెళ్ళిన ఎలక్ట్రీషియన్ అరవై దాటిన మనిషి. పనిముట్లు తీయకముందు ప్రశ్నలు వేశాడు. ఎప్పటి నుండి? వాన పడితే ఎక్కువవుతుందా? ఏ స్విచ్చి వేస్తే ఏ దీపం వెలుగుతుంది? తర్వాత కొత్త హారను వైర్లను పూర్తిగా విప్పి పక్కన పెట్టి, బ్రేకు తొక్కమన్నాడు. లోపం అలాగే ఉంది. “మౌల్వీ గారూ, అనుమానం ఉన్నదాన్ని ముందు తప్పించి చూడాలి. అప్పటికీ జబ్బు పోలేదంటే దాని తప్పు లేనట్టే,” అన్నాడు.

బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. బల్బులు, ఫ్యూజులు బాగానే ఉన్నాయి. ఆ పైన మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండవది వెనుక దీపం నల్లవైరుకు ఆనించి బ్రేకు తొక్కించాడు. దాదాపు సున్నా చూపవలసిన మీటరు 7 వోల్టులు దాటింది.

అతను చెప్పిన కారణం ఇది. కరెంటు దీపం వరకు వెళితే చాలదు, బ్యాటరీకి తిరిగి రావాలి. వాహనంలో ఈ తిరుగు ప్రయాణానికి ప్రతి దీపానికీ బ్యాటరీ దాకా వేరే వైరు ఉండదు. బండి ఇనుప శరీరమే ఆ దారి. దానినే ఎర్తు అంటారు. వెనుక ఎడమవైపు దీపాలన్నింటికీ కలిపి ఉన్న ఒకే ఎర్తు స్క్రూ కింద సముద్రపు గాలికి, వాన తడికి తుప్పు పట్టింది. దారి మూసుకుపోయిన బ్రేకు కరెంటు పక్కనున్న ఇండికేటరు బల్బు గుండా వెనక్కి మళ్ళి, ముందున్న ఇండికేటరు దీపం, బాణం గుర్తు బల్బుల ద్వారా బయటపడుతోంది. బాణం గుర్తులో ఏ దోషమూ లేదు. ఎక్కడో తెగిన దారి భారాన్ని అది మోస్తున్నది, అంతే.

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, స్క్రూ విప్పి, ఇనుము మెరిసేదాకా గీకుకాగితంతో రుద్ది, కొత్త కొస బిగించి గ్రీజు పూశాడు. అరగంటలో దీపాలన్నీ తమ తమ పనికి వచ్చాయి. జుమా నమాజు తర్వాత ఆ పెద్దాయన నలుగురి ఎదుట అన్న మాటను నలుగురి ఎదుటే వెనక్కి తీసుకుని, యువకుణ్ణి క్షమాపణ అడిగారు. తోటివారి హక్కు అలాగే తీరుతుంది. అందరిలో పోయిన పరువు చాటున చెప్పే మాటతో తిరిగి రాదు.

పాత వాహనాలున్న సోదరులకు ఒక మనవి. వింత లోపం కనబడితే వెంటనే బ్యాటరీ మార్చకండి. ముందు బ్యాటరీ కొసలను, ఎర్తు స్క్రూలను చూపించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే దాని స్థానంలో లావు వైరు పెట్టకండి. అది నిప్పుకు పిలుపు.

మన ఇళ్ళలోనూ ఇదే పద్ధతి అవసరం. చదువులో వెనుకబడిన పిల్లవాడికి కంటి చూపు తగ్గి ఉండవచ్చు. విసుక్కుంటున్న కోడలికి రాత్రుళ్ళు నిద్ర కరువై ఉండవచ్చు. మాట్లాడని భర్త ఎవరికీ చెప్పని అప్పుతో కుమిలిపోతూ ఉండవచ్చు. కనబడిన దానిపై తీర్పు చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు మెత్తగా అడుగుదాం. విచారించి మాట్లాడే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.