ఆ ఆటలోని అమ్మ

మా చిన్నోడు కంప్యూటరు ముందు కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే గొడవ కదూ!

పదో తరగతి అయ్యాక వాడికి బాసర ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. మా భైంసా నుంచి బాసర ఎంత దూరమని? బస్సెక్కితే గంట. అయినా ఆరేళ్ళు హాస్టలంటే నా మనసొప్పలేదు. ఇక్కడే ఏదో కాలేజీలో చేరమని నెల రోజులు వాణ్ణి సతాయించాను. అలిగాను, అన్నం మానేశాను.

ఓ రోజు వాడే పిలిచాడు. "అమ్మా, ఒక్కసారి ఇది జూడు. ఇండ్ల నీ అసొంటి అమ్మ ఉంది."

ఆట పేరు అండర్‌టేల్. 2015లో టోబీ ఫాక్స్ అనే అమెరికా కుర్రాడు, సంగీతంతో సహా, దాదాపు ఒంటి చేత్తో తయారుచేశాడట. జపాను ఆటల పద్ధతే: రాక్షసులు, వంతులవారీ యుద్ధం. అలాంటి ఆటల్లో ఎదురొచ్చినవాణ్ణల్లా చంపితేనే బలం పెరుగుతుందట. ఇందులో మాత్రం కొట్టే బటనుతో పాటు దయ చూపే బటనూ ఉంది. నవ్వించో, ఓదార్చో, ఒక్కరినీ చంపకుండా చివరిదాకా పోవచ్చు. వాళ్ళు కొడుతుంటే చిన్న ఎర్రటి గుండె బొమ్మను జరుపుతూ తప్పించుకోవాలి. నన్నూ ఆడమన్నాడు. మూడుసార్లు చచ్చాను!

కొండ మీంచి పాతాళంలో పడ్డ ఓ బిడ్డను, టోరియల్ అనే మేక ముఖం ఆవిడ చేరదీస్తుంది. దాల్చినచెక్క ఇష్టమా, బటర్‌స్కాచ్ ఇష్టమా అని ఫోన్లో అడిగి, రెండూ వేసి 'పై' కాల్చి, నిద్రపోయే బిడ్డ దగ్గర ఓ ముక్క పెడుతుంది. మన గరిజ లాంటిదేననుకోండి, పిండి లోపల తీపి పెట్టి ఓవెన్లో కాలుస్తారు. కాకపోతే పళ్ళెమంత!

బిడ్డ వెళ్తానంటే మాత్రం ఒప్పుకోదు. ఇదివరకు పోయిన పిల్లలెవరూ బతకలేదని ఆమె భయం. దారికి అడ్డంగా నిలబడి నిప్పులు విసురుతుంది. తీరా బిడ్డకు బలం తగ్గగానే ఆ నిప్పులు పక్కలకు పోతాయి, మీద పడవు. నాకు నవ్వొచ్చింది. చీపురెత్తి, వాడికి తగలకుండా గోడకు కొట్టడం నాకు తెలీదా?

"ఫస్టుసారి ఆమెను సంపేసిన అమ్మా," అన్నాడు మెల్లగా. "జర బలం తగ్గితే వదుల్తదనుకున్న. ఒక్క దెబ్బకే పోయింది."

ఆట వెనక్కి తిప్పి, ఈసారి కొట్టకుండా దయ బటనే నొక్కాడట, ఇరవైసార్లకు పైనే. ఆమె కరిగి, కౌగిలించుకుని పంపింది. తీరా ముందుకు పోతే ఓ పువ్వు ఎదురై, ముందు ఆమెను చంపింది నువ్వేనని ఎత్తిపొడిచిందట. దిద్దుకున్నా సరే, ఈ ఆట మరిచిపోదు.

"రెండు దినాలు ముట్టలే," అన్నాడు.

నేనేమీ అనలేదు. లేచిపోయి సకినాలకు బియ్యం నానబోశాను. మర్నాడు ఓమ, నువ్వులు కలుపుతుంటే వాడు సీటు కాగితాలు తెచ్చి గడప మీద పెట్టాడు. చేతులు కడుక్కుని సంతకం చేశాను.

కళ్ళు పోతాయని ఇప్పటికీ తిడతాననుకోండి, అది వేరే సంగతి.

టోరియల్ బిడ్డను పంపుతూ మళ్ళీ రావొద్దంటుంది. నేనంత గట్టిదాన్ని కాను. బస్సు కిటికీ దగ్గర నిలబడి, "దసరాకు రా బిడ్డా, డబ్బా అక్కడనే మర్వకు," అన్నాను. స్టీలు డబ్బా అది, మా అమ్మ ఇచ్చింది.