ప్రారంభోత్సవంలో కుప్పకూలిన బాలిక

ఇటీవల మా ఊరి ఉన్నత పాఠశాలలో నూతన సభామందిరం ప్రారంభమైంది. ప్రార్థన, పరీక్షలు, ఆటలు, వార్షికోత్సవం అన్నీ ఇక అందులోనే. వేదికపై నాకూ ఒక కుర్చీ వేశారు. అలంకరణకై కట్టిన తెరలు కిటికీలన్నింటినీ మూసివేశాయి. ముఖ్య అతిథి రాక ఆలస్యమైంది. స్వాగతగీతం పాడవలసిన బాలికలు గంటకు పైగా నిలబడే ఉన్నారు. వైద్యుణ్ణై ఉండీ నేను చూస్తూ కూర్చున్నాను.

జ్యోతి వెలిగించే వేళ ఒక బాలిక కుప్పకూలింది. ఉపాధ్యాయులు ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో సోడా పోయబోయారు. నేను వారించి, ఊపిరి చూసి, నేలపై వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టించాను. నిమిషంలోపే కళ్లు తెరిచి, "పాట అయిపోయిందా సార్?" అని అడిగింది. ఉదయం ఏమీ తినలేదట.

పాఠకులారా, కదలక నిలబడితే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. ఉక్క తోడైతే రక్తపోటు తగ్గి మెదడుకు రక్తం చాలదు. అటువంటివారిని కూర్చోబెట్టకండి. పూర్తిగా తెలివి రానిదే నోట్లో ఏమీ పోయకండి. నిమిషం దాటినా తెలివి రాకున్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 108కు ఫోన్ చేయండి.

తెరలు తీయించాక పాట మొదలైంది. అప్పటికి తేరుకున్న ఆ బాలిక నా పక్క కుర్చీలోంచే గొంతు కలిపింది.