క్షణానికి కాపలా

బెంగళూరు నుంచి మైసూరు రోడ్డు పట్టుకుని కెంగేరి దాటితే, కుడివైపు చీలే దారిలో ‘దొడ్డ ఆలద మర’ వస్తుంది. నాలుగొందల ఏళ్ల పెద్ద మర్రి. ఆదివారమైతే ఆ ఊడల కింద పిల్లల గోల, కోతుల అల్లరి, బఠాణీల బండ్లు. వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు మంచనబెలె జలాశయం చూద్దామని ముందుకు వెళ్తారు. మా ఆటో కూడా ఆ దారినే పట్టింది. కానీ మేం వెళ్లాల్సింది జలాశయానికి కాదు, బ్యాలాలుకి.

సెల్‌ఫోన్‌లో పటం పెట్టుకున్నాం. అది చెప్పినట్టే మలుపు తిరిగాం. రెండు నిమిషాల్లో రాగి చేను అడ్డొచ్చింది! రోడ్డు లేదు. గట్టు మీద గడ్డి కోస్తున్న పెద్దావిడని నాకొచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో దారి అడిగితే, ఆవిడ నవ్వి తెలుగులోనే జవాబిచ్చింది. ఈ చుట్టుపక్కల అది వింతేమీ కాదు. వెనక్కి వెళ్లి, పెద్ద గొడుగు కనిపించే వైపు తిరగమంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మమ్మల్ని చేలోకి తోలిన తప్పు ఉపగ్రహాలది కాదు. మేమెక్కడున్నామో అవి సరిగ్గానే చెప్పాయి. లేని రోడ్డుని గీసింది పటం తయారుచేసినవాళ్లు. ఉపగ్రహాలే తప్పు చెబితే ఎలా ఉంటుంది, అలా చెప్పకుండా ఎవరు కాపలా కాస్తారు అన్నది తెలుసుకోవాలనే ఇంత దూరం వచ్చాం.

ఆ ‘పెద్ద గొడుగు’ 32 మీటర్ల యాంటెన్నా. దాన్ని తయారుచేసింది మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 2008లో చంద్రయాన్-1 కోసం పెట్టారు. చుట్టూ గుట్టలు, మధ్యలో పళ్లెంలా పల్లపు నేల. నగరం రేడియో రొద ఇటు రాకుండా ఆ గుట్టలే గోడలు. చంద్రుడి దగ్గర్నుంచి వచ్చే సన్నటి పిలుపు వినాలంటే ఈ మాత్రం నిశ్శబ్దం ఉండాలి మరి. అందరి కళ్లూ ఈ తెల్ల గొడుగు మీదే పడతాయి. అదే ఆవరణలో 2013 మే 28న మొదలైన ఇస్రో నావిగేషన్ కేంద్రాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లోపలికి వెళ్లడానికి మనబోటివాళ్లకు వీలుండదు. కంచె బయటి నుంచి చూస్తే మామూలు ఆఫీసు భవనమే.

ఆ భవనంలో ఉండేది టైము. ‘నావిక్’ వ్యవస్థకంతటికీ ఆధారమైన కాలాన్ని లెక్కగట్టేది అక్కడే. హైడ్రోజన్ మేసర్లు, సీజియం గడియారాలు నిరంతరం నడుస్తూ ఉంటాయి. సీజియం అణువు 919,26,31,770 సార్లు ‘ఊగితే’ ఒక సెకను. ఇదేదో పోలిక కాదు, 1967 నుంచి ప్రపంచం ఒప్పుకున్న సెకను నిర్వచనమే ఇది. మన పంచాంగం ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు లెక్కగట్టి ఊరుకుంది. పెళ్లి ముహూర్తానికి అది చాలు. ఉపగ్రహానికి చాలదు.

ఎందుకంటే అది దూరాన్ని కొలిచేది టైముతోనే. సంకేతం బయల్దేరిన క్షణం, చేరిన క్షణం... మధ్యలో వ్యవధిని కాంతి వేగంతో హెచ్చిస్తే దూరం. గడియారం సెకనులో వంద కోట్లో వంతు తప్పితే 30 సెంటీమీటర్ల తేడా. పది లక్షలో వంతు తప్పితే 300 మీటర్లు! పడవ రేవులో ఉండాల్సింది బండల మీద ఉంటుంది. పైగా ఐన్‌స్టీన్ చెప్పినట్టు ఎత్తుకు వెళ్లే కొద్దీ గడియారం నడకే మారిపోతుంది. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాల్లో ఆ తేడా రోజుకు 38 మైక్రోసెకన్లు. సరిదిద్దకుండా వదిలేస్తే ఒక్క రోజులో 11 కిలోమీటర్ల దాకా తప్పు పోగవుతుంది.

అయితే కచ్చితంగా నడవడం కన్నా నిలకడగా నడవడం ముఖ్యం. మా తాతగారింటి గోడ గడియారం రోజుకు సరిగ్గా అయిదు నిమిషాలు వెనకబడేది. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు, అయిదు కలుపుకునేవాళ్లం. ఒకరోజు రెండు నిమిషాలు, మర్నాడు పది నిమిషాలు తప్పే గడియారంతోనే చిక్కు. కింద కేంద్రంవాళ్లు చేసేదీ ఈ కలుపుడే. ప్రతి ఉపగ్రహ గడియారం ఎంత తప్పుంది, ఏ వేగంతో తప్పుతోందో లెక్కగట్టి, ఆ సవరణని పైకి పంపిస్తారు. ఉపగ్రహం దాన్ని తన సంకేతంతో పాటే మన ఫోన్లకు చెబుతుంది. ఆ నిలకడని కొలిచే పద్ధతికి 1966లో డేవిడ్ అలన్ అనే అమెరికన్ దారి చూపించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

మరి కింది గడియారమే తప్పితే? రెండు పంచాంగాలు ఇంట్లో ఉంటే ఏమవుతుందో మనకు తెలిసిందే, పండగ రెండు రోజులొస్తుంది. ఏది సరో తేలదు. మూడోది ఉంటే తప్పినదెవరో పట్టుకోవచ్చు. అందుకే ఇలాంటిచోట గడియారాల గుంపే ఉంటుంది. ఒక్కోదాని నడవడిని బట్టి ఒక్కో విలువ ఇచ్చి సగటు తీస్తారు. అంటే అసలు టైము ఏ ఒక్క గడియారంలోనూ ఉండదు, లెక్కలోనే ఉంటుంది.

మనవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. దేశంలో చోటు చోటునా ఉన్న కొలత కేంద్రాలన్నీ పైకి చూసే ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంత ఎత్తు నుంచి చూస్తే మన దేశం అరచేయంత. అన్ని కేంద్రాలూ దాన్ని ఇంచుమించు ఒకే దిక్కు నుంచి చూస్తున్నట్టే. కొలతలో మీటరు తేడా వస్తే అది గడియారం తప్పా, ఉపగ్రహమే మీటరు జరిగిందా? విడదీయడం కష్టం. అందుకే సంకేతాన్ని పైకి పంపి తిరిగి రప్పించుకునే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. పోయి వచ్చేదాకా చూసేది కింది గడియారమే కాబట్టి, పైదాని తప్పు ఇందులో కలవదు. లేజర్ కాంతిని వెనక్కి తిప్పే అద్దాలూ ఉపగ్రహాలకు అమర్చారు.

ఇంత కాపలా కాసినా కొన్ని దక్కలేదు. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎలో స్విట్జర్లాండ్ నుంచి తెప్పించిన రుబీడియం గడియారాలు మూడున్నాయి. 2016లో ఒకటి ఆగింది. 2017 మొదట్లోకల్లా మూడూ పోయాయి. అప్పటికి ఉపగ్రహం బతికే ఉంది, సంకేతాలూ పంపగలిగేది. కానీ టైము చెప్పలేని ఉపగ్రహం దారి చూపలేదు కదా! కిందివాళ్లు తప్పుని సరిదిద్దగలరు గానీ, ఆగిన గడియారానికి కీ ఇవ్వలేరు. అదే 2017 జనవరిలో ఐరోపావాళ్లూ తమ గెలీలియో ఉపగ్రహాల్లో గడియారాలు ఆగిపోతున్నాయని బయటపెట్టారు. 1ఎకి బదులుగా ఆగస్టు 31న పంపిన ఉపగ్రహం రాకెట్ పైకప్పు ఊడక అందులోనే ఉండిపోయింది. చివరికి 2018 ఏప్రిల్‌లో 1ఐ వెళ్లింది. ఆ దెబ్బ ఊరికే పోలేదు. అహ్మదాబాద్‌లో మనవాళ్లు తయారుచేసిన రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01తో శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. తర్వాతి ఎన్‌వీఎస్-02 (2025 జనవరి 29) మాత్రం ఒక కవాటం తెరుచుకోక, చేరాల్సిన కక్ష్యకు చేరనే లేదు.

కాపలావాళ్ల వైపు నుంచే పొరపాటు జరిగిన సందర్భమూ ఉంది. 2016 జనవరి 26న అమెరికావాళ్లు 1990 నాటి ముసలి జీపీఎస్ ఉపగ్రహాన్ని పక్కన పెడుతుండగా, కింది నుంచి వెళ్లిన లెక్క 13 మైక్రోసెకన్లు తప్పింది. కార్లూ ఓడలూ దారి తప్పలేదు. ప్రపంచ సమయంతో తూకం చూసుకునే సంఖ్యలోనే తప్పు పడింది కాబట్టి, ఆ టైము మీద ఆధారపడ్డ టెలిఫోన్ వ్యవస్థలు గంటల తరబడి గగ్గోలు పెట్టాయి. దారి కోసం కాకుండా కేవలం టైము కోసం ఈ సంకేతాలను వాడుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారా అని చాలామందికి ఆ రోజే తెలిసింది.

చీకటి పడే వేళకి గొడుగు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ భవనంలో రాత్రి బదిలీ జట్టు తెర మీద గీతల్ని చూస్తూ కూర్చునే ఉంటుంది. ఏ గీతా ఎగరకపోతే వాళ్లకు ఆ రాత్రి బాగా గడిచినట్టు. మేం బస్సుస్టాపుకి నడిచాం. కెంగేరి బస్సు ఇప్పుడొచ్చేస్తుందని అక్కడి పెద్దమనిషి చెప్పాడు. ముప్పావు గంటకు వచ్చింది.